మోగకూడని ఖాతా

మంచినీళ్ళ శాఖలో సహాయ ఇంజినీరుగారు ఒక్క సెల్‌ఫోనులో నాలుగు ఈమెయిలు ఖాతాలను ఏ లోటూ రాకుండా పోషిస్తున్నారని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాం.

పై అధికారి మెయిలు వస్తే సైరను మోగుతుంది. ఆ మోత వినపడితే ఇంజినీరుగారు లేచి నిలబడతారు, ఒంటి మీద సబ్బు నురగ ఉన్నా సరే. కాలనీ సంఘం ఖాతాకు కప్ప అరుస్తుంది. సొంత ఖాతాకు చిలక పలుకుతుంది. ఇక నాలుగోది ప్రజల ఫిర్యాదుల ఖాతా. దీని విషయంలో శాఖకు ఒక చక్కని ఆనవాయితీ ఉంది. సింకు, అంటే మెయిళ్ళు ఫోన్లోకి దిగే ఏర్పాటు, ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి, ఫిర్యాదు చేరలేదని ప్రజలు అనకుండా. నోటిఫికేషన్ ఎప్పుడూ ఆఫ్‌లో ఉండాలి, చేరిందని మనకు తెలియకుండా. "మీ బాధ మా గుండెను తాకింది" అన్న జవాబు దానంతటదే వెళ్ళిపోతుంది. మధ్యలో మనిషి చెయ్యి పడదు. అంత శుభ్రమైన వ్యవహారం.

ఇలా సజావుగా సాగుతుండగా ఇంజినీరుగారి వీధిలోనే కొళాయిలు ఎండిపోయాయి.

"ఏమండీ, నీళ్ళు రావట్లేదు," అంటూ ఆయన భార్య ఖాళీ బిందె తెచ్చి ఎదురుగా పెట్టింది.

"నోటిమాట చెల్లదు. ఫిర్యాదుల ఖాతాకి మెయిలు పెట్టు."

"మీరు ఎదురుగానే ఉన్నారు కదా."

"ఎదురుగా ఉన్నది మొగుడు. ఇంజినీరు ఫోన్లో ఉంటాడు."

ఆవిడ పెట్టింది. మెయిలు ఆయన జేబులోకే వచ్చి చప్పుడు చేయకుండా పడుకుంది. జవాబు మాత్రం రెప్పపాటులో ఆవిడకు చేరింది. "చూశావా, ఎంత చురుకో మాది," అని ఇంజినీరుగారు మురిసిపోయారు.

"చురుకు సరే, చెంబెడు నీళ్ళేవి? రేపు సాయంత్రానికి కొళాయి పారకపోతే పిల్లల్ని తీసుకుని మా అక్క ఇంటికి పోతాను. మీ ఫోనే మీకు వండి పెడుతుంది."

ఇంజినీరుగారు ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియని మనిషి. వీధి చివరి వాల్వు దగ్గరికి ఒక మనిషిని పంపితే సరిపోయేది. కానీ చదువుకున్నవారు కనుక నేరుగా సెట్టింగుల్లోకి వెళ్ళారు. శాఖ చరిత్రలో తొలిసారిగా ఫిర్యాదుల ఖాతాకు నోటిఫికేషన్ ఆన్ చేశారు. దానికి పెట్టడానికి గాడిద ఓండ్ర ఒక్కటే మిగిలి ఉంది.

మర్నాడు పై అధికారి మీటింగులో "ప్రజలే మనకు ఊపిరి, ప్రజల గొంతే మనకు..." అంటుండగా ఇంజినీరుగారి జేబు ఓండ్ర పెట్టింది. ఊరంతా దాహంగా ఉన్నట్టుంది, ఇక ఆగలేదు.

"ఏమిటయ్యా అది?"

"ప్రజలండీ."

"ప్రజల్ని జేబులో వేసుకుని మీటింగుకి వస్తావా? ముందు ఆపు."

ఆపారు. అంతటితో వదిలేస్తే పై అధికారి ఎలా అవుతారు? సమస్యలన్నీ తక్షణం తీర్చమని ఆదేశించారు. దాంతో ఫిర్యాదు చేసిన ప్రతి ఫోనుకూ "మీ సమస్య తీరింది, నక్షత్రాలివ్వండి" అన్న సందేశం బయలుదేరింది. నక్షత్రాలు నొక్కేదాకా గంట కొడుతూనే ఉండాలని అందులో ఏర్పాటు. నొక్కుళ్ళు వరదలా వచ్చిపడ్డాయి. సాయంత్రానికల్లా ఇంజినీరుగారికి శాలువా కప్పి, ఉత్తమ సేవా పతకం మెడలో వేశారు. తన భార్య పేరిట కూడా అయిదు నక్షత్రాలు పడి ఉండటం చూసి ఆయన నిశ్చింతగా ఇంటికి వెళ్ళారు.

ఇంటికి తాళం ఉంది.

"చెల్లెమ్మ అక్కగారింటికి వెళ్ళిందండీ, పిల్లల్తో," అన్నాడు పక్కింటాయన, ఖాళీ బకెట్టు పట్టుకుని.

"అదేమిటి, అయిదు నక్షత్రాలిచ్చిందే."

"మేమూ ఇచ్చాం. ఆ గంట ఆగాలిగా మరి."

పతకం విషయంలో ఎవరికీ అనుమానాలు అక్కర్లేదు. నక్షత్రాలన్నీ అసలైనవే, వేళ్ళన్నీ ప్రజలవే. ఆ పూట మీ ఫోనూ మోగే ఉంటుంది. కొళాయి తిప్పి చూశాకే నొక్కారు కదూ?