మా గల్లీ గుట్టయిన వైనం

అంతరిక్షం నుంచి రాడార్‌తో భూమి ఎత్తుపల్లాలు కొలిచే ఉపగ్రహాన్ని మించిన ఉపకారి ఈ లోకంలో లేదు! అనుమానం ఉన్నవాళ్లు పద్మారావు నగర్‌లోని మా గల్లీకి రండి. ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని మరీ రండి.

మబ్బు పట్టినా, చీకటి పడినా రాడార్‌కు అడ్డు లేదట. మన కళ్లకు అంత సామర్థ్యం ఎక్కడిది? వానాకాలంలో మా గల్లీని చూసి ఇన్నాళ్లూ పల్లమనుకుని మోసపోయాం.

మొన్నటి వానకు మా కింది వాటాలో ఉండే ప్రేమమణి టీచర్ ఇంట్లో నడుము లోతు నీళ్లు చేరాయి. మంచాన పడ్డ ఆమె అత్తగారు రోసమ్మను నలుగురం కలిసి మా వాటాలోకి మోశాం. మర్నాడు, వాననీళ్లు పోయే నాలా వెడల్పు చేయమని దరఖాస్తు పట్టుకుని టీచరూ నేనూ మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాం.

ఇంజినీర్ రాఘవేందర్ కంప్యూటర్‌లో రంగురంగుల మ్యాప్ తెరిచాడు.

“మీ గల్లీ ఎత్తు మీదున్నది మేడం. సాటిలైట్ రాడార్ చెప్తున్నది. నీళ్లు ఆగే చాన్సే లేదు.”

“మా అత్తయ్య మంచం తేలిందండీ!”

“తేలొచ్చు మేడం. మ్యాప్‌ల లేదు కదా!”

ఎంత శాస్త్రీయమైన జవాబు! రాడార్ తరంగం పై నుంచి వచ్చి, మొదట దేనికి తగిలితే అక్కడి నుంచే వెనక్కి మళ్లుతుందట. మా గల్లీలో ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకున్న మూడంతస్తుల డాబాలే. పాపం, దానికి నేలెక్కడ దొరుకుతుంది? డాబాలను వాటర్ ట్యాంకులతో సహా కొలిచి పంపింది. ఆఫీసువారు దాన్నే నేల అనుకున్నారు. మౌలాలి గుట్ట ఎక్కాలంటే ఆయాసపడుతూ మెట్లెక్కాలి. మేం ఇంట్లో కూర్చునే గుట్ట మీదికి చేరాం!

మ్యాప్ అడుగున చిన్న అక్షరాలున్నాయి. ‘ఇళ్ల కప్పుల ఎత్తు కలిసి ఉండవచ్చు, నేల మీద సరిచూసుకోవాలి’ అని. పైకే చదివి వినిపించాను.

“గది మ్యాప్ చేసినోళ్లు రాసుకున్నది సార్. మా ఫార్మాట్‌ల గా కాలమ్ లేనే లేదు. జెర పరేషాన్ చెయ్యకుండ్రి.”

దరఖాస్తు మీద ‘ఎత్తైన ప్రాంతం, చర్య అవసరం లేదు’ అని రాసి ముద్ర వేశాడు. టీచర్ ఆ కాగితాన్ని మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. నాకైతే ఒళ్లు మండిపోయింది.

ఉపగ్రహం మీద మాత్రం నాకు ఏ కోపమూ లేదు. వందల కిలోమీటర్ల పైనుండి కూడా అది కొన్ని రోజులకోసారి క్రమం తప్పకుండా వచ్చి మా గల్లీని చూసి పోతోంది. ఇవాళ మళ్లీ మబ్బు పట్టింది. ఆఫీసు నుంచి మా గల్లీకి నడక ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాలూ నడిచి వచ్చి, ప్రేమమణి టీచర్ గడపలో నిలబడి కిందికి చూసే మనిషిని మాత్రం ఇంతవరకూ ఎవరూ ప్రయోగించలేదు.