అడ్డుపొర మీద అరుగు

పడకగది గోడకు చెమ్మ పట్టడానికి కారణం భార్య. ఇందులో విచారణ ఏమీ లేదు. ఆమె తడిబట్టలు ఆ గదిలో ఆరేస్తుంది, ఆ తడి గోడకెక్కుతుంది. నలభై ఏళ్ళు తాళాలు బాగుచేసి, ఏ తాళం ఎందుకు పట్టేసిందో చూడగానే చెప్పిన మనిషి తేల్చిన విషయం ఇది. వీధిలో అందరూ ఆయన్ని తీర్పులాయన అనేది ఊరికే కాదు.

మామూలుగా అయితే గోడను ఓ తిట్టు తిట్టి ఊరుకునేవాడు. కానీ కూతురికి బిడ్డ పుట్టి రెండు నెలలైంది. పసిదానికి దగ్గు. చెమ్మ గదిలో పడుకోబెట్టవద్దని వైద్యుడు చెప్పాడట. గోడ ఆరితేగానీ రానని కూతురు ఫోనులో తేల్చేసింది. మనవరాలిని ఆయన ఇంకా ఫొటోలోనే చూశాడు. రోజుకు ఎన్నిసార్లు చూస్తున్నాడో ఎవరికీ చెప్పలేదు.

పాత ఇళ్ళు బాగుచేసే మనిషిని పిలవక తప్పలేదు. అతన్ని అందరూ చెమ్మ డాక్టరంటారు. ఇలాంటివాళ్ళు తెలియని మాటలు వల్లించి బోల్తా కొట్టిస్తారని తీర్పులాయన నమ్మకం. అందుకే రంగుల దుకాణంలో ఓ చిన్న పుస్తకం సంపాదించి, నాలుగు రోజులు అందులోని మాటలన్నీ బట్టీపట్టాడు. ఐదో తరగతిలో ఆగిన చదువు అరవై రెండో ఏట మళ్ళీ మొదలైంది. అర్థాల జోలికి మాత్రం పోలేదు.

డాక్టరు గడప దాటగానే తీర్పులాయన "కండెన్సేషన్" అన్నాడు. కుర్చీలో కూర్చోగానే "ట్యాంకింగ్ చేసెయ్" అన్నాడు. ఇంటాయన తన వృత్తివాడే అనుకుని డాక్టరు వివరాలు చెప్పడం మానేశాడు. అడ్డుపొర నేలకు ఎంత ఎత్తులో ఉందని అడిగితే, ఉండాల్సినంత ఎత్తులో ఉందని ఈయన గంభీరంగా బదులిచ్చాడు.

భార్య పుస్తకం చదవలేదు. అందుకని అడిగింది.

"ట్యాంకింగ్ అంటే ఏంటి బాబూ?"

నీళ్ళ తొట్టి లోపల పూసినట్టు గోడకు నీరు దిగని పూత వేయడమని డాక్టరు చెప్పాడు.

"మరి గోడలో ఉన్న నీళ్ళెటు పోతాయి?"

"పైకి పాకుతాయమ్మా."

"తెలిసీ ఎందుకు వేస్తానంటున్నావు?"

"సారు వెయ్యమన్నారు కదమ్మా. ఆయనకి తెలియదా?"

సారు కిటికీలోంచి బయటికి చూశాడు.

ముందు పరీక్ష చేద్దామని డాక్టరు జానెడు అల్యూమినియం రేకు తీసి, నాలుగంచులా టేపు వేసి గోడకు అతికించాడు. రెండు రోజుల తర్వాత రేకు ముందువైపు నీటిబొట్లుంటే తప్పు గదిలోని గాలిది, అదే కండెన్సేషన్. వెనకవైపు ఉంటే గోడది.

రెండో రోజు పొద్దున్నే తీర్పులాయన టేపు ఓ మూల లేపి చూశాడు. వెనక చెమట పట్టినట్టు బొట్లు. ముందు పొడి. తీర్పు తిరగబడేలా ఉంది. ఆయన గ్లాసులో వేళ్ళు ముంచి, రేకు ముందువైపు శ్రద్ధగా తడి చేసి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి పళ్ళు తోముకున్నాడు.

డాక్టరు వచ్చి రెండువైపులా తడి చూసి తల గోక్కున్నాడు. ఇన్నేళ్ళలో ఇలాంటి గోడ చూడలేదన్నాడు. భార్య కళ్ళజోడు పెట్టుకుని రేకు దగ్గరికి వంగింది.

"ఏవండీ, గాలికి వేళ్ళుంటాయా?"

బొట్ల మధ్య నాలుగు వేళ్ళ చారలు చక్కగా కనిపిస్తున్నాయి. తీర్పులాయన తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఆ అడ్డుపొర ఏదో చూపించమని ఆమె డాక్టరును బయటికి తీసుకెళ్ళింది. నేలలోని తడి గోడకెక్కకుండా, కట్టేటప్పుడే నేలకు జానెడెత్తున వేసే నల్లటి పొర అది. ఈ గోడకు ఎక్కడా కనబడలేదు. గోడను ఆనుకుని మోకాలెత్తు అరుగు ఉంది. సాయంత్రాలు కూర్చోవడానికి తీర్పులాయన నిరుడు మట్టి నింపి, స్వహస్తాలతో కట్టిన అరుగు. డాక్టరు గునపంతో కొంచెం తవ్వితే, మట్టి కింద నల్లగీత బయటపడింది. మట్టి నిచ్చెన వేసినట్టయి, తడి అడ్డుపొర దాటి ఎక్కుతోందన్నాడు.

"ఎవరమ్మా ఇది కట్టింది?"

ఆమె భర్త వైపు చూడలేదు.

"ఎవరో బాగా తెలిసినాయనే కట్టాడు బాబూ."

తీర్పులాయన డాక్టరు చేతిలోంచి గునపం తీసుకున్నాడు. సాయంత్రానికి అరుగు లేదు.

ఉప్పు పట్టిన గారంతా డాక్టరు గీకేసి, సున్నపు గార పూశాడు. గోడ అంగుళం ఆరడానికి నెల పడుతుందన్నాడు. తీర్పులాయన రోజూ పొద్దున అరచేయి వెనకవైపు గోడకు ఆనించి చూసేవాడు. ఎనిమిదో నెలలో ఓ రోజు చేయి అక్కడే చాలాసేపు ఉంచాడు. తర్వాత కూతురికి తనే ఫోను చేసి "రండి" అని పెట్టేశాడు.

వచ్చారు. దగ్గు లేదు. పసిది గోడ పట్టుకుని, మొదటిసారి తనంతట తాను నిలబడింది. ఆయన కళ్ళు తుడుచుకుని, సున్నం పడిందన్నాడు.

ఇంతకీ గోడకి ఏమైంది మామయ్యా అని అల్లుడు అడిగాడు. భార్య నోరు తెరవబోయింది.

"ఆ గోడ సంగతి ఈ ఇంట్లో ఇక ఎవరూ ఎత్తకూడదు. నేనూ ఎత్తను," అన్నాడు తీర్పులాయన.

ఎత్తలేదు కూడా.