పదకొండు కారణాల సారు, కదలని ఫైలు

ఫైలు కదలకపోవడం పాలనకు పట్టిన జబ్బని పెద్దపెద్దవాళ్ళు రాస్తున్నారు. శుద్ధ అబద్ధం! కదలని ఫైలంత ఆరోగ్యకరమైన వస్తువు ఈ భూమ్మీద మరొకటి లేదు. కదిలిన ఫైలు ఏం చేస్తుంది చెప్పండి? ఒక్క సంతకం పడగానే ప్రాణం పోయి బీరువాలో పడుతుంది. కదలని ఫైలు అట్లా కాదు. ఏళ్ళ తరబడి బతికే ఉంటుంది. దాని కోసం మనిషి మెట్లెక్కుతాడు, మెట్లు దిగుతాడు, పిక్కలు గట్టిపడతాయి, షుగరు దారికొస్తుంది. ఏ డాక్టరు చేశాడండీ ఇంత మేలు?

నమ్మబుద్ధి కావడం లేదు కదూ. అయితే పదకొండు కారణాల సారు సంగతి వినండి.

సారు యూనివర్సిటీలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పాఠం చెబుతారు. వయసులో ఉన్నప్పుడు ‘ఆఫీసుల్లో జాప్యానికి కారణాలు’ అని పరిశోధన చేశారు. పట్టి పట్టి లెక్కపెడితే పదకొండు తేలాయి. అంతే, ఆ పదకొండే పుస్తకమైంది, ఆ పదకొండే ఉద్యోగమైంది, ఊరూరా సెమినార్లలో ఆ పదకొండే ఉపన్యాసమైంది. నోట్సు కాగితాలు ఎండుటాకుల్లా అంచులు విరుగుతున్నా కారణాలు మాత్రం పెరగలేదు, తరగలేదు. పన్నెండోది కూడా ఉందేమో సార్ అని వెనక బెంచీ పిల్ల ఒకతి అడిగితే, ఉంటే నాకు తెలియకుండా ఎక్కడికి పోతుంది, కూర్చో అన్నారు.

అటువంటి సారుకు ప్రొఫెసర్ పదవి రావాలి. ఫైలు పెట్టి మూడేళ్ళు. నెలాఖరుకు రిటైర్మెంటు. ఈలోగా ఆర్డరు వస్తే ప్రొఫెసర్‌గా దిగిపోతారు, రాకపోతే ఉన్న అసోసియేట్‌గానే ఇంటికి. ఇంట్లో ఆవిడ తొందరపడి ‘ప్రొఫెసర్’ అని బోర్డు రాయించింది. అది మూడేళ్ళుగా మంచం వెనక గోడవైపు మొహం తిప్పుకుని నిలబడి ఉంది.

“ఊడ్చినప్పుడల్లా దాన్ని అటూ ఇటూ జరపలేక చస్తున్నాను. గేటుకెక్కుతుందా, అటకెక్కుతుందా, ఏదో ఒకటి తేల్చండి,” అని మొన్న గట్టిగానే అడిగింది.

తేల్చడానికే సారు తిరుగుతున్నారు. పోయిన ఫైలును పైనుంచి కిందికి వెతకాలని ఆయన పుస్తకంలోనే ఉంది. మొదటి ఏడు మూడో అంతస్తు. రెండో ఏడు రెండో అంతస్తు. పద్ధతంటే అదీ! ఒక్కో గదిలో ఒక్కో కారణాన్ని పరీక్షించుకుంటూ వచ్చారు. ఒకటో కారణం సిబ్బంది కొరత. సెక్షన్లలో కుర్చీలు లెక్కపెడితే ఒక్కటీ ఖాళీ లేదు. నాలుగోది నిబంధనల అస్పష్టత. తెరిచి చూస్తే ఉన్నది ఒకే వాక్యం, ఒకటో తరగతి పిల్లాడికి కూడా అర్థమవుతుంది. ఏడోది పై అధికారి దొరక్కపోవడం. రిజిస్ట్రార్ గారి తలుపు బార్లా తీసే ఉంది. నా దాకా వస్తే నిమిషం పట్టదండీ, రావాలిగా అన్నారాయన. పదకొండూ అయిపోయాయి. ఫైలుకు జబ్బేమీ లేదు, నడక ఒక్కటే రాదు.

మూడో ఏడు కింది అంతస్తుకు దిగారు. అక్కడ కిటికీ పక్క బల్ల మీద, దుమ్ము తుడిచి, చక్కగా మధ్యలో పెట్టి, కనబడింది ఫైలు! ఆ బల్ల గుమాస్తా ఎవరనుకున్నారు? సారు దగ్గరే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి.

“ఏమ్మా, ఇది నీ దగ్గరే ఉందా?”

“ఉంది సార్. క్షేమంగా ఉంది.”

“క్షేమం సంగతి కాదమ్మా. పైకి పంపాలి గదా.”

“నేనెట్లా పంపుతాను సార్? మీరే వద్దన్నారు గదా,” అని సొరుగులోంచి ఒక కాగితం తీసింది.

మూడేళ్ళ కింద ఆమె సిద్ధాంత గ్రంథాన్ని తిప్పి పంపుతూ సారు ఎర్రసిరాతో రాసిన మాటలు అందులో ఉన్నాయి. ‘ఒక్క ఫైలునైనా దగ్గరుండి గమనించలేదు. గమనించండి. గమనించేవారు అందులో వేలు పెట్టరాదు.’ కింద సంతకం, తేదీ. సరిగ్గా ఆ వారమే సారు ఫైలు ఆమె బల్ల మీదికి వచ్చిందట. ఇంతకంటే మంచి శాంపిల్ దొరుకుతుందా? అప్పటినుంచి వేలు పెట్టలేదు. ఎనిమిది నోటు పుస్తకాలు నిండాయి. సారు ఒకటి తెరిచి చదివారు. సోమవారం, కదలలేదు. మంగళవారం, కదలలేదు. బుధవారం, ఫ్యాను గాలికి పై అట్ట లేచింది, రెండు క్షణాల్లో పడుకుంది.

సూపరింటెండెంటు గారు ఒకసారి తానే తీసుకుపోబోయారట. పరిశోధన పాడవుతుందని బతిమాలి ఆపిందట.

“మరి నాతో ఒక్క మాటైనా చెప్పొద్దా తల్లీ?”

“అట్లా చెబితే వేలు పెట్టినట్టే గదా సార్. చాలు అని మీరు సంతకం చేసేదాకా నేను ముట్టుకోకూడదు. గ్రంథం తిరగరాసి ఇచ్చి ఏడాదిన్నర అయింది. మీ గదిలోనే ఉంది.”

సారుకు కోపం రావలసింది. గర్వం వచ్చింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి ఈ అమ్మాయి ఒక్కతే!

గదికెళ్ళి వెతికారు. గ్రంథం ఎక్కడికీ పోలేదు. టేబుల్ ఫ్యాను గాలి మొహానికి తగలడం లేదని, ఎత్తు కోసం దాని కింద పెట్టుకున్నది అదే. దుమ్ము దులిపి మధ్యాహ్నం రెండింటికి పట్టుకుంటే ఐదు కొట్టకముందే అయిపోయింది. బాగుంది కూడా. మొదటి పేజీలోనే రాసి ఉంది: ప్రొఫెసర్ పదవికి సంబంధించిన ఫైలు, కింది అంతస్తు, కిటికీ పక్క బల్ల. అంటే ఏడాదిన్నర కిందే ఆ అట్ట తిప్పి ఉంటే, ఇన్ని మెట్లెక్కే భాగ్యం సారుకు దక్కేది కాదన్నమాట!

సంతకం పెట్టి తానే కిందికి పట్టుకెళ్ళారు. ఆ అమ్మాయి ఎనిమిదో నోటు పుస్తకంలో ‘ముగిసింది’ అని రాసింది, లేచింది, ఫైలు తీసుకుని సూపరింటెండెంటు బల్ల మీద పెట్టింది. ఏడడుగులు. నాలుగో రోజుకు ఆర్డరు వచ్చేసింది. ఇంకా తొమ్మిది రోజుల సర్వీసుంది. బోర్డు గేటుకెక్కింది.

ఎంత నష్టమో చూశారా! ఫైలు చచ్చింది. ఆ అమ్మాయికి పొద్దుపోవడం లేదు. మెట్లెక్కడం మానేశాక సారు మోకాళ్ళు పట్టేశాయి. వీటన్నింటినీ మించి, పని కావడానికి పట్టేది మూడు గంటల చదువూ ఏడడుగుల నడకా అని బయటికి పొక్కింది. ఇది జనం చెవిన పడితే జాప్యం మీద వేసిన కమిటీలు ఏమైపోవాలి? సెమినార్లు ఏమైపోవాలి? ఆ సబ్జెక్టు చెప్పుకుని బతికే నాలాంటివాళ్ళం ఏ గంగలో దూకాలి? అందుకే మీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ మాట మన మధ్యే ఉండనివ్వండి.

సారు ఆఖరి క్లాసు మాత్రం బాగానే జరిగింది. పదకొండు కారణాలూ వరసగా చెప్పారు. వెనక బెంచీ పిల్ల మళ్ళీ లేచింది.

“మీ ఫైలు ఆగింది వీటిలో ఎన్నో కారణం వల్ల సార్?”

సారు ఎండుటాకుల కాగితాలు ముందుకూ వెనక్కూ తిప్పారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“పన్నెండు. రాసుకోండి.”

అరవై పెన్నులు లేచాయి.

“నేను.”

అందరూ రాసుకున్నారు. సారు కాగితాలు సర్దుకున్నారు.

“వద్దులే, కొట్టేయండి,” అన్నారు. “పరీక్షలో రాదు.”