పొసగని యాక్సిళ్ల పుణ్యం

ఫోర్‌వీల్ ట్రక్కులో ముందు యాక్సిల్ గేరు పళ్ల లెక్క, వెనక యాక్సిల్ లెక్క ఒకటే ఉండాలనే చాదస్తులతో నాకు పేచీ ఉంది. ఎందుకుండాలండీ? మొగుడూ పెళ్లాం ఒకే వేగంతో నడుస్తున్నారా?

నాకో ఫోర్‌వీల్ ట్రక్కు ఉంది; లివరు వేస్తే నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పుతుంది. రేపల్లె అవతలున్న మా ఊరి నుంచి రొయ్యలు మోస్తుంది. ముందు యాక్సిల్ విరిగితే తెనాలిలో పాత సామాన్ల కొట్టుకెళ్లి ఇంకోటి కొన్నాను. పళ్లు లెక్కపెట్టలేదు. చీర మీదికి జాకెట్టు ముక్క వెతికినట్టు రంగు చూశాను. భేషుగ్గా కలిసింది!

బిగించాక మెకానిక్ జకరయ్య తల పట్టుకున్నాడు. "బాబాయ్, ముందు చక్రాలు ఒక వేగం, వెనకవి ఇంకో వేగం. బురదలో అయితే జారి సర్దుకుంటాయి. తార్రోడ్డు మీద మాత్రం ఫోర్‌వీల్ వెయ్యమాకండి. ఊరు దాటకముందే గేరుబాక్సు పగిలిద్ది."

ఇది లోపమా? వరం! టైర్లు తొందరగా అరుగుతాయి కనుక బాపట్లలో టైర్ల కొట్టు కోటేశ్వరరావు పిల్లలు కాన్వెంటులో చదువుతున్నారు. స్టీరింగుతో కుస్తీ పడతాను కనుక నాకు జిమ్ అక్కర్లేదు. బండి మూలుగు ఊరంతా వినిపిస్తుంది కనుక హారనూ దండగే!

మొన్న వానల్లో మా తమ్ముడు శాలేమురాజు కూతురు బ్లెస్సీకి నొప్పులొచ్చాయి. మా ఊరి దారి బురదలోకి రాలేక అంబులెన్స్ మెయిన్‌రోడ్డు మీదే ఆగిపోయింది. ట్రక్కులో పరుపు పరిచి, ఫోర్‌వీల్ వేసి బయల్దేరాం. దారంతా లివరు తియ్యనే లేదు. సగం దూరంలో బ్లెస్సీ, "ఇంకా ఎంత దూరం పెదనాన్నా?" అంది. అంత భయం నేనెప్పుడూ పడలేదు. మెయిన్‌రోడ్డు కనబడకముందే బిడ్డ పుట్టింది. ఇద్దరూ బతికారు, అదే పదివేలు.

ఊరివాళ్లమంతా వెళ్లి, రోడ్డు వెయ్యమని రోడ్ల ఇంజనీరు గారికి మొర పెట్టుకున్నాం. మా ఊరికి తార్రోడ్డు ఎప్పుడో వేసేశామనీ, ఫొటోలు కూడా ఉన్నాయనీ ఆయన సెలవిచ్చారు. అంత పెద్దమనిషి అబద్ధమాడతారా?

నేను వాదించలేదు. ట్రక్కు తాళాలు ఆయన టేబుల్ మీద పెట్టాను. ఫోర్‌వీల్ వేసి మా ఊరిదాకా నడపమన్నాను. గేరుబాక్సు పగిలితే రోడ్డుందని ఒప్పుకుని, దండం పెట్టి వెళ్లిపోతానన్నాను.

ఆయన తాళాలు నా వైపు నెట్టారు.

"వానలు తగ్గనివ్వండి. ఆ బురదలో ఇప్పుడెవరొస్తారండి?"