వంతు గడియారం

స్మార్ట్ వాచీ అనబడే చేతి గడియారం అరవై దాటినవాళ్ళు కట్టుకోదగినదా, కాదా అన్న విషయంపై బెళుగుప్ప వయోవృద్ధుల ఉదయపు నడక సంఘం తుది నిర్ణయానికి వచ్చింది. దేశంలో ఇంకెవరూ ఈ సమస్యను ఇంత లోతుగా పరిశీలించి ఉండరని సంఘం నమ్మకం. పరిశీలనలో ప్రాణనష్టమేమీ జరగలేదు. కొద్దిలో తప్పింది, అంతే.

ఈ నివేదిక రాస్తున్న నేను ఆ సంఘం కార్యదర్శిని, వెంకటేశులు. తహసీల్దారు కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. మా మండలాన్ని కరువు మండలంగా ప్రకటించవలసిందని ఏటా ప్రతిపాదన రాసి పంపింది ఈ చెయ్యే. కాబట్టి ఎంతటి విషాదాన్నయినా కన్నీళ్ళు పెట్టుకోకుండా, మూడు ప్రతుల్లో రాయగలను.

సంఘంలో సభ్యులం నలుగురం. అధ్యక్షుడు గోవిందప్ప మాజీ సర్పంచి. పదవి పోయినా ఉపన్యాసం పోలేదు. శివప్ప జీవితమంతా గొర్రెలు మేపాడు. మోకాళ్ళు అరిగిపోయాక మందను కొడుక్కి అప్పజెప్పి, ఒక్క పొట్టేలును మాత్రం తన దగ్గర ఉంచుకున్నాడు. దాన్ని వెంటబెట్టుకునే కుంటుకుంటూ గుట్టలెంబడి తిరుగుతాడు. జాయ్ గారు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేశారు. ఊళ్ళో సగం మందికి మొదటి సూది వేసింది ఆవిడే. నాలుగో సభ్యుణ్ణి నేను. తెల్లారగానే గాలిమరల గుట్ట దాకా నడిచొస్తామని ఇళ్ళలో చెప్పి బయలుదేరతాం. బస్టాండు దగ్గరి టీకొట్టు దాకా నడుస్తాం. ఆరోగ్యం గురించి మిగతా శ్రమంతా అక్కడ కూర్చుని నోటితోనే చేస్తాం.

గడియారం తెచ్చింది గోవిందప్ప కూతురు హేమలత. అనంతపురంలో కాలేజీ లెక్చరరు. ఒక ఆదివారం వచ్చి తండ్రి మణికట్టుకు దాన్ని బిగించి, ఇది నీ గుండెనూ నిద్రనూ నడకనూ కనిపెట్టి చూస్తాది నాయనా, నువ్వు యాడున్నా నా ఫోనుకు తెలుస్తాది అని చెప్పి బస్సెక్కింది. గోవిందప్పకు ఆ రోజు నుంచి మనశ్శాంతి లేదు. సర్పంచిగా ఉన్నన్నాళ్ళూ ఆయన ఎక్కడున్నాడో జిల్లా కలెక్టరుకు కూడా తెలిసేది కాదు. ఇప్పుడు మధ్యాహ్నం కునుకు తీస్తే కూతురికి తెలిసిపోతోంది. తీసి పారేద్దామంటే పిల్ల బాధపడుతుంది. కట్టుకుందామంటే జైల్లో ఉన్నట్టుంది. పరువు గల మనిషి కనుక నిర్ణయాన్ని సంఘానికి వదిలేశాడు.

ఒకే గడియారాన్ని నలుగురు పరీక్షించడం ఎట్లా అన్న ప్రశ్న మా వాళ్ళకు రానేలేదు. ఒక్కరి వల్ల కాని వస్తువును పదిమంది వాడుకోవడానికి మా సీమలో ఉన్నది ఒకటే పద్ధతి, వంతు. బోరు ఒకటే, చేన్లు నాలుగు. ఈ పొద్దు నీది, రేపు నాది. అంతే. వంతు ఎంత గొప్పదో కోస్తా పాఠకుల కోసం ఒక్క మాట చెప్పాలి. మా ఊళ్ళో తాగి పడిపోయినవాణ్ణి క్షమించారు. చీటీ డబ్బులతో పరారైనవాణ్ణి కూడా కొన్నేళ్ళకు పెళ్ళికి పిలిచారు. ఇంకొకడి వంతులో వాల్వు తిప్పుకున్నవాణ్ణి మాత్రం ఇప్పటికీ ఎవరూ క్షమించలేదు. అతను చచ్చిపోయి చాలా కాలమైంది. వాళ్ళింటి పేరు మాత్రం వంతుదొంగోళ్ళనే ఉండిపోయింది.

ఆ విధంగా గడియారం చేతులు మారడం మొదలైంది. అనంతపురంలో హేమలత ఫోను చూసుకుని బెంబేలెత్తింది. ఒకరోజు వాళ్ళ నాయన మిట్టమధ్యాహ్నం గుట్టలెక్కి దిగాడు. అది శివప్ప వంతు. మరుసటి రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా నిద్రపోయాడు. అది నా వంతు. ఆదివారం ఆయన గుండె గంటల తరబడి ఎగిరెగిరి పడింది. జాయ్ గారు చర్చిలో పాటలు పాడుతున్నారు. ఆ పిల్ల ఫోను చేసి ఎన్ని అడిగినా గోవిందప్ప ఒకటే జవాబు చెప్పాడు. విషయం తన దృష్టికి వచ్చిందని, పరిశీలిస్తున్నానని.

ఇక నా సంగతి. కొన్ని రోజులుగా ఎత్తు ఎక్కితే నాకు రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టుగా ఉంటోంది. చెమట పడుతోంది. ఎవరికీ చెప్పలేదు. జబ్బులు క్రమశిక్షణ లేనివాళ్ళకే వస్తాయని టీకొట్టులో ఏళ్ళ తరబడి బోధించినవాణ్ణి, ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? నా భార్య మహేశ్వరికి చెబితే ఆస్పత్రికి లాక్కుపోతుంది. ఆస్పత్రికి పోతే ఏదో ఒకటి ఉందంటారు. నాకు భయం వేసింది. నిజంగానే భయం వేసింది. నా వంతు రోజున గడియారాన్నే అడుగుదామనుకుని, ఎత్తులు ఎక్కడానికి ధైర్యం చాలక పడుకుండిపోయాను. మీ ఆరోగ్యం అద్భుతంగా ఉందని అది మెచ్చుకుంది. నిద్రపోయే మనిషిని ఎవరైనా మెచ్చుకుంటారు.

మళ్ళీ నా వంతు వచ్చేదాకా ఆగే ఓపిక నొప్పికి లేదు. ఒక తెల్లవారుజామున ఒంటరిగా బయలుదేరి శివప్ప ఇంటి ముందుగా పోతుంటే, గూటానికి కట్టేసిన పొట్టేలు నెమరు వేస్తూ కనిపించింది. దాని ముంగాలికి గడియారం ఉంది. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. శివప్పకు చేతికి ఏది కట్టినా దురద. తన వంతు వృథా పోకుండా నమ్మకమైన జీవికి కట్టాడు. నేను అటూ ఇటూ చూశాను. వంగాను. విప్పుకున్నాను.

గుట్ట ఎత్తు సగం ఎక్కేసరికి మోకాలు మళ్ళీ రొమ్ము మీదికి వచ్చింది. బండ మీద కూలబడ్డాను. గడియారం మణికట్టు మీద వణికింది. ఎర్రగా ఒక గుండె బొమ్మ వేసి, మీ గుండె సక్రమంగా కొట్టుకోవడం లేదు, వెంటనే వైద్యుణ్ణి కలవండి అని చూపించింది. నేను వెంటనే కిందికి దిగి పొట్టేలును కలిశాను. గడియారాన్ని దాని కాలికే కట్టేసి, టీకొట్టుకు పోయి చక్కెర ఎక్కువేసి టీ తాగాను.

ఎర్రటి గుండె అప్పటికే అనంతపురం చేరింది. పొద్దెక్కకముందే హేమలత కారు మాట్లాడుకుని వచ్చి, ఏడుస్తూ, చేతికి గడియారం ఉందో లేదో కూడా చూడకుండా తండ్రిని ఎక్కించుకుపోయింది. నాకేం కాలేదు తల్లీ అని ఆయన మొత్తుకున్న కొద్దీ, ఏమైందో దాస్తున్నాడని ఆ పిల్లకు అనుమానం బలపడింది. అక్కడ ఉన్న పరీక్షలన్నీ చేశారు. పడుచువాడి గుండెలా ఉందన్నారు. గోవిందప్ప గర్వంతోనూ కోపంతోనూ తిరిగివచ్చి టీకొట్టులో అత్యవసర సమావేశం పెట్టాడు.

"మన నలుగురిలో ఎవరిదో ఒకరి గుండె బాగలేదప్పా. నాది కాదని పెద్ద డాక్టరే చెప్పినాడు. ఆ గుండె యెవురిదో వాళ్ళు మర్యాదగా ఒప్పుకోవల్ల" అన్నాడు గోవిందప్ప.

ఎర్రటి గుండె వచ్చిన రోజు వంతు శివప్పది. అందరం జాలిగా శివప్ప వైపు తిరిగాం. జాయ్ గారు ఆయన చేతిలోని టీగ్లాసు తీసి పక్కన పెట్టారు. శివప్ప తల వంచుకుని, ఆ పొద్దు గడియారం తన చేతికి లేదని, పొట్టేలు కాలికి ఉందని చెప్పాడు. టీకొట్టంతా ఊపిరి పీల్చుకుంది. మనలో ఎవరికీ కాదు, పొట్టేలుకు. ఇంతకన్నా శుభవార్త ఏముంటుంది? సదరు గుండె శివప్ప గారి పొట్టేలుకు చెందినదిగా నిర్ధారించడమైనది అని నేను తీర్మానం రాశాను. ఏకగ్రీవంగా ఆమోదించారు. నా దస్తూరి జీవితంలో ఎప్పుడూ అంత గుండ్రంగా రాలేదు.

శివప్ప దాన్ని పశువుల ఆస్పత్రికి తీసుకుపోయాడు. డాక్టరు గొట్టం పెట్టి చూసి, దీనికేం రోగం, ఇంకా చాలా ఏండ్లు బతుకుతుంది పో అన్నాడు. శివప్ప నమ్మలేదు. డాక్టరు దగ్గర ఉన్నది రబ్బరు గొట్టమే గదా. తానుగా చచ్చిపోతే ఎవరికీ పనికిరాదు కనుక, బాగున్నప్పుడే ఆదివారం కోసి భాగాలు వేద్దామని నిశ్చయించాడు. "తీర్మానం రాసినోడివి, నీకు మంచి భాగం తీసిపెడతాలే అన్నా" అని నా భుజం తట్టిపోయాడు.

ఆదివారం దాకా నేను పడిన యాతన పగవాడికి వద్దు. నిజం చెబితే ఆస్పత్రి. దాన్ని ఎట్లాగో ఓర్చుకోవచ్చు. కానీ శివప్ప వంతులో, అదీ పొట్టేలు కాలి నుంచి విప్పుకున్నాడంటే? ఈ వయసులో గుండె ఇంకెన్నాళ్ళుంటుంది? చెడ్డపేరు మనవళ్ళ దాకా ఉంటుంది. చెప్పకపోతే నా గుండె ఎప్పుడైనా ఆగుతుంది, పొట్టేలు గుండె ఆదివారమే ఆగుతుంది. ఆలోచించి, ఆలోచించి, మాట్లాడకుండా ఉండటమే పెద్దమనిషి తరహా అని తేల్చుకున్నాను.

ఆదివారం శివప్ప ఇంటి వెనక కానుగ చెట్టు కింద జనం గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. మహేశ్వరి కూడా స్టీలు డబ్బా తెచ్చింది. శివప్ప పొట్టేలుకు నీళ్ళు తాపి, నుదుట పసుపు రాసి, దాని మెడ కౌగిలించుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. పొట్టేలు నన్నే చూస్తోంది. దానికి అంతా తెలుసు. కత్తి బయటికి తీసేసరికి నా రొమ్ము మీదికి మోకాలు వచ్చేసింది. చొక్కా తడిసిపోయింది.

"ఆపు శివప్పా. ఆ గుండె దానిది కాదు, నాది" అన్నాను.

శివప్ప కత్తి పారేసి పొట్టేలును గట్టిగా పట్టుకున్నాడు. గోవిందప్ప మెల్లగా నా ముందుకు వచ్చాడు. ముఖంలో ఎంతో ఆందోళన ఉంది.

"అంటే వెంకటేశులూ, శివప్ప వంతులో నువ్వు కట్టుకున్నావా?"

తల ఊపాను. నిలబడలేక నేల మీద కూర్చున్నాను. గోవిందప్ప ఉపన్యాసం మొదలుపెట్టాడు. నీళ్ళు లేని ఈ గడ్డ మీద మనుషులు ఒకరినొకరు చంపుకోకుండా బతుకుతున్నారంటే వంతు వల్లనేనని, చదువుకున్నవాళ్ళే వంతు తప్పితే రేపు గాలీ వెలుతురూ నిలుస్తాయా అని. జనం రెండుగా చీలిపోయారు. పొట్టేలుకు వంతు లేదు కనుక దాని కాలి నుంచి తీసుకోవడం దొంగతనం కాదని ఒక వర్గం. వంతుదారు తన నీళ్ళను పొరుగు చేనికి పారించినా వంతు వాడిదేనని ఇంకో వర్గం. ఈ విషయంలో ఒక పాత పంచాయితీ తీర్పు నాకు బాగా గుర్తుంది. చెబుదామంటే ఊపిరి ఆడటం లేదు. జాయ్ గారు నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని నాడి చూడసాగారు. చూస్తూ చూస్తూ, "నిజం చెప్పన్నా, నా వంతులో గూడా ఇట్లనే చేసినావా?" అని అడిగారు.

స్టీలు డబ్బా ఎగిరివచ్చి గోవిందప్ప కాళ్ళ దగ్గర పడింది. మహేశ్వరి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. మనిషి పోతాంటే వంతు వంతు అంటారేమప్పా, మీకు సిగ్గుండాదా అని అరిచి, అంబులెన్సుకు ఫోను చేసింది. దారంతా నా చెయ్యి వదల్లేదు. నొప్పి అని నాతో ఒక్క మాట చెప్పలేకపోయినావే అని ఏడ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో నేను అంత సిగ్గుపడింది ఎన్నడూ లేదు. గుత్తి రోడ్డు మలుపు తిరిగాక కళ్ళు తుడుచుకుని, నా చెవి దగ్గరికి వంగి, నిజంగానే పొట్టేలు కాలి నుంచి విప్పుకున్నావా అని అడిగింది.

గుండెకు స్టెంటు వేశారు. సంఘం తుది నిర్ణయాన్ని గోవిందప్ప స్వయంగా వార్డుకు వచ్చి వినిపించాడు. గడియారం వృద్ధులకు కట్టుకోదగినదే. అయితే అది ఉన్నదున్నట్టు చెప్పే వస్తువు గనుక, దాచుకోవడానికేమీ లేని జీవికే కట్టాలి. కాబట్టి అది ఇకపై శాశ్వతంగా పొట్టేలు కాలికే ఉంటుంది. వాళ్ళ నాయన వేళకు తిని, వేళకు పడుకుని, చక్కగా నడుస్తున్నాడని హేమలత పరమ సంతోషంగా ఉందట. వంతు తప్పినందుకు నన్ను కార్యదర్శి పదవి నుంచి తొలగించారు. అంత బాగా రాసేవాళ్ళు ఇంకెవరూ లేరు గనుక ఆ తీర్మానాన్ని కూడా నన్నే రాయమన్నారు. సెలైను లేని చేత్తో రాసిచ్చాను.

చూడటానికి ఊరంతా వస్తున్నారు. నా కోసం తెచ్చిన బత్తాయిలు ఒలుచుకుని తింటూ, విప్పేటప్పుడు పొట్టేలు కుమ్మలేదా, శివప్ప మాట్లాడతాండాడా, ఇప్పుడు పొట్టేలు ఎట్లుండాది అని అడుగుతున్నారు. పొట్టేలు బాగుందని చెప్పి పంపిస్తున్నాను. వాళ్ళను అని ఏం లాభం? ఇంతదూరం చదివిన మీరు కూడా, శివప్ప కత్తి పారేసిన చోట హమ్మయ్య అనుకున్నారు. స్టెంటు వేశాక డాక్టరు ఏమన్నాడో మీరింకా అడగలేదు.