గాయే లాగ్బే నా

ఆ ఆదివారం పొద్దున్న పట్టాభి పథకం చాలా సులువు. మాత్ర వేసుకోవడం, నడక పోటీలో నడవడం, కప్పు పట్టుకుని ఇంటికి రావడం. వాల్తేరు నుంచి బెంగాల్లోని లిలువా రైల్వే వర్క్‌షాపుకు బదిలీ అయి వచ్చిన అతను పోయినేడు ఇదే పోటీలో పక్క సెక్షన్ ఘోష్ చేతిలో వెంట్రుకవాసిలో ఓడాడు. వచ్చే నెల రిటైర్‌మెంటు. కప్పు కొడితే ఇప్పుడే కొట్టాలి.

అడ్డల్లా పిక్కలే. కాస్త జోరుగా నడిస్తే పట్టేస్తాయి. డాక్టరు మెగ్నీషియం గ్లైసినేట్ రాశారు. మందుల షాపులో పట్టాభికి దాని పక్కనే మెగ్నీషియం ఆక్సైడ్ డబ్బా కనిపించింది. దాని మీద మిల్లీగ్రాముల అంకె పెద్దది. ఇంజినీరు బుర్ర కదా, అటే మొగ్గింది. షాపు దాదా తల అడ్డంగా ఊపి, "ఓటా గాయే లాగ్బే నా" అన్నాడు. పట్టాభికి అర్థమైన బెంగాలీలో, గాయం అవదట. అంత భరోసా దొరికాక ఇంకేం కావాలని పట్టాభి అదే కొన్నాడు. పోటీ రోజు పొద్దున్న ఒకటికి రెండు మింగాడు.

సగం దూరంలో పిక్కలు పేచీ పెట్టలేదు, పొట్ట పెట్టింది. నడక పోటీలో పరుగెత్తకూడదు. ఆ స్థితిలో పరుగెత్తే ధైర్యం పట్టాభికీ లేదు. పళ్లు బిగించి, మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని, చిన్న చిన్న అడుగులు టకటకా వేస్తూ ఘోష్‌ను దాటేశాడు. అసలైన నడకంటే ఇదేనని జడ్జీలు మురిసిపోయారు. రిబ్బను తెంపాక కూడా అతను ఆగలేదు. విజయయాత్ర కాబోలనుకుని జనం దండ పట్టుకుని వెంటపడ్డారు. వాళ్లను చూసి అతను జోరు పెంచాడు, అతన్ని చూసి వాళ్లూ పెంచారు. అతను క్వార్టర్సు చేరి బాత్రూం గడియ వేసుకునేసరికి వరండా నిండిపోయింది.

ఘోష్ మంచి మనిషి. ఓడినందుకు ఏమీ అనుకోకుండా, బాత్రూం తలుపు దగ్గర నిలబడి ఇంత వేగం ఎలా వచ్చిందని హిందీలో అడిగాడు. టేబుల్ మీదున్న మాత్రల వల్లేనని పట్టాభి లోపలి నుంచి చెప్పాడు. అది అబద్ధమూ కాదు. ఘోష్ అక్కడికక్కడే మూడు మింగి, దణ్ణం పెట్టి వెళ్లాడు.

జనం వెళ్లాక భార్య ఉదయశ్రీ డబ్బా తిప్పి చూసింది. "డాక్టరు రాసిందేటి, మీరు తెచ్చిందేటి?"

"గాయం అవదని షాపోడే సెప్పాడు కదే" అన్నాడు లోపలి నుంచి.

"గాయే లాగ్బే నా అంటే బెంగాలీలో ఒంటికి పట్టదని అండీ. పేగుల్లోనే ఉండిపోయి నీళ్లు లాగేస్తాది."

తలుపవతల నుంచి పట్టాభి గొంతు వచ్చింది. "ఒంటికి పట్టకపోతే మరి దేనికి పడతాదే?"

"రెంటికి."

ఏదైతేనేం, కప్పు తనదే. పట్టాభి కూర్చున్న చోటే హాయిగా నవ్వుకున్నాడు.

సాయంత్రం సభలో మొదటి బహుమతి ఉదయశ్రీ అందుకుంది, రెండోది ఘోష్ గారి భార్య అందుకుంది.