కొనకుండా లోపలికి వచ్చినవారు

మందుల షాపు అంటే మందులు అమ్మే చోటు అని ఔషధ విక్రయ కేంద్రాల హేతుబద్ధీకరణ మండలి తేల్చింది. మూడేళ్లు అధ్యయనం చేసి మరీ తేల్చిన ఈ సంగతి అంతకుముందు మా వీధిలో ఎవరికీ తెలియదు.

మేమంతా ఇంకేదో అనుకుంటూ వచ్చాం. కంట్లో నలుసు పడితే వెళ్లే చోటు అనుకున్నాం. డాక్టరు గారి చేతిరాత చదివించుకునే చోటు, ఇంటి తాళంచెవి ఇచ్చి వెళ్లే చోటు, బరువు చూసుకుని బాధపడే చోటు అనుకున్నాం. పాపకి జ్వరం ఎన్నాళ్ల నుంచి అని అడిగి, "నాలుగు రోజులా? ఇక్కడ నిలబడి నాతో కబుర్లేంటి? ముందు ఆసుపత్రికి నడవండి" అని తిట్టి పంపే చోటు అనుకున్నాం. ఆ తిట్టే మనిషిని వీధి వీధంతా మందుల మావయ్య అంటుంది. (మండలి రికార్డుల్లో ఆయన పేరు "విక్రయ బిందువు 4417".)

మా నానమ్మ రక్తపోటుకి రోజూ పొద్దున అర బిళ్ళ వేసుకోవాలి. బిళ్ళలు తయారుచేసేవాళ్లు అర బిళ్ళలు తయారుచెయ్యరు. అందుకని మావయ్య బ్లేడుతో ఒక్కో బిళ్ళనూ సమంగా కోసి, ఒక్కో సగాన్నీ విడిగా పొట్లం కట్టి, నానమ్మకి చదువు రాదు కాబట్టి పొట్లం మీద సూర్యుడి బొమ్మ వేసి ఇచ్చేవాడు.

"ఈసారి సూర్యుడికి మీసాలొచ్చాయేంట్రా?" అని నానమ్మ అడిగేది.

"ఎండలు ముదిరాయి కదా పెద్దమ్మా, ఆయనా ముదిరాడు."

ఇలాంటి అనధికార సంభాషణలను అరికట్టడానికే మండలి మా వీధికి ఒక సహాయ ఉప గణకుడిని (తాత్కాలిక) పంపింది. ఆయన చాలా మంచివాడు. ముసలివాళ్లు కూర్చోవడానికి షాపులో ఉన్న ఒకే ఒక్క స్టూలు మీద మూడు రోజులు కూర్చుని, నొక్కితే టిక్కుమనే యంత్రంతో, వచ్చినవాళ్లు ఎందరో, వాళ్లలో కొన్నవాళ్లు ఎందరో లెక్కపెట్టారు.

"మీరేం కొన్నారమ్మా?" అని టైలర్ అత్తయ్యని అడిగారు.

"కొనడానికి రాలేదండీ. వేలికి సూది దిగింది, చూపించుకుందామని."

"సూది దిగడం కొనుగోలు కిందికి రాదమ్మా." టిక్.

గణకుడు గారు రోజుకి నాలుగుసార్లు బయటికి వెళ్లి లోపలికి వచ్చేవారు. నిజాయితీపరుడు కాబట్టి నాలుగుసార్లూ తనని తానే కొననివారి కింద నొక్కుకున్నారు.

మూడు రోజుల్లో లోపలికి వచ్చినవారు నూట పన్నెండు మంది. కొన్నవారు ముప్పై ఎనిమిది మంది. పద్నాలుగో నిబంధన ప్రకారం, వచ్చినవారిలో సగం మందైనా కొనకపోతే ఆ షాపు ప్రజలకు అవసరం లేనిది. రోజంతా జనంతో కిటకిటలాడే షాపు ప్రజలకు అవసరం లేదని రుజువు చెయ్యడం మామూలు మాట కాదు. మండలి చేసింది. పరిస్థితి మెరుగుపరుచుకోవడానికి పదిహేను రోజులు గడువు ఇచ్చింది.

ఏం చెయ్యాలో ఆలోచించడానికి వీధివాళ్లందరం సమావేశమయ్యాం. సమావేశం షాపులోనే జరిగింది. దాంతో కొననివారి లెక్క ఇంకో ఇరవై రెండు పెరిగింది.

"ఇంతోటి దానికి ఇంత ఆలోచనెందుకు? వచ్చిన ప్రతివాడూ ఏదో ఒకటి కొనండి!" అంది నానమ్మ.

"అక్కర్లేని మందు నేనమ్మను పెద్దమ్మా. షాపు పోయినా సరే," అన్నాడు మావయ్య.

"అక్కర్లేకపోయినా హాని చెయ్యనివి ఇవ్వరా మొండోడా!"

అలా ఒప్పందం కుదిరింది. ఒంటికి హాని చెయ్యనివంటూ మావయ్య మూడు రకాలు బల్ల మీద పెట్టాడు: విరేచనాలైతే నీళ్లలో కలుపుకుని తాగే పొడి పొట్లాలు, దగ్గొస్తే చప్పరించే బిళ్ళలు, అరికాళ్ల ఆనెలకి అంటించే పట్టీలు. గడువులో మిగిలిన ఆ పది రోజులూ మా వీధి జీవితంలో స్వర్ణయుగం. వడ్రంగి బాబాయ్ రోజుకి ఆరుసార్లు వచ్చాడు. ఆనెల పట్టీలు కుర్చీ కాళ్ల కింద అంటిస్తే నేల మీద గీతలు పడవని కనిపెట్టాడు. టైలర్ అత్తయ్య చప్పరించే బిళ్ళలు బుగ్గన పెట్టుకోకుండా కుట్టలేని స్థితికి చేరుకుంది. బడి నుంచి వచ్చే పిల్లలు పొడి నీళ్లు పందెం వేసి తాగారు.

నేనూ నా వంతు వెళ్లాను. అంతమంది ముందు నోరు పెగల్లేదు. తల వంచుకుని అద్దాల బీరువా వైపు వేలు చూపించాను. మావయ్య ఒకసారి నా వైపు, ఒకసారి వేలి వైపు చూసి, ఏమీ అడగకుండా పొట్లం కట్టి నానమ్మ పేరున రాసుకున్నాడు. ఇంటికొచ్చి విప్పితే అది చంటిపిల్లల పాలసీసా పీక.

గడువు ముగిసేసరికి కొన్నవారు నూటికి తొంభై ఏడు. (మిగిలిన మూడూ గణకుడు గారే.) ఆయన కూడా ఎంతో సంతోషించి మావయ్యకి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. వీధంతా ఈలలు వేసింది.

అయితే మండలి భవనంలోనే పై అంతస్తులో వ్యాధులను ముందే పసిగట్టే విభాగం అని ఒకటుంది. కింది అంతస్తువారికీ పై అంతస్తువారికీ మాటల్లేవు, కాగితాలు మాత్రమే ఉన్నాయి. మా వీధి కొనుగోళ్ల కాగితం పైకి వెళ్లింది. పది రోజుల్లో విరేచనాల పొట్లాలు నాలుగు వందలు, దగ్గు బిళ్ళలు ఆరు వందలు, ఆనెల పట్టీలు మూడు వందలు. దీన్నిబట్టి దగ్గుతూ, కుంటుతూ, మధ్యమధ్య పరుగెత్తే కొత్త వ్యాధి ఒకటి మా వీధిలో పుట్టిందని పై అంతస్తువారు పసిగట్టారు. దానికి త్రివిధ వీధి వ్యాధి అని పేరు కూడా పెట్టారు.

మర్నాడే తెల్లటి సూట్లు వేసుకుని దిగారు. వీధికి రెండువైపులా పసుపు రిబ్బను కట్టారు.

"నాకేం రోగం లేదండీ బాబూ, దుక్కలా ఉన్నాను చూడండి!" అన్నాడు వడ్రంగి బాబాయ్.

"లక్షణాలేవీ కనిపించకపోవడం దీని నాలుగో లక్షణం," అని తెల్ల సూటాయన రాసుకున్నారు.

మా ఇంటికి వచ్చి, డెబ్బై ఎనిమిదేళ్ల నానమ్మకి పసిబిడ్డ ఉన్నట్టు తమ దగ్గర సమాచారం ఉందని, బిడ్డకి వెంటనే టీకా వెయ్యాలని అడిగారు.

"ఈ వయసులో నాకంత భాగ్యమా నాయనా! ఆ పీక కొన్నది ఇదిగో ఇది. సిగ్గుకి సూదేమన్నా ఉంటే దీనికి పొడిచి వెళ్లండి," అంది నానమ్మ. నేను తలుపు వెనక్కి వెళ్లిపోయాను.

రోగులందరినీ విచారించగా, వ్యాధి సోకడానికి ముందు వాళ్లంతా ఒకే ఒక్క చోటికి వెళ్లారని బయటపడింది. ఆ చోటు మందుల షాపు. వ్యాధికి మూలం దొరికింది కాబట్టి షాపుకి సీలు వేశారు.

తెరిచే మార్గం కూడా వాళ్లే చెప్పారు. మా వీధివాళ్లెవరి పేరునా ఎక్కడా, ఏ ఊళ్లోనూ, ముప్పై రోజుల పాటు ఒక్క మందైనా కొన్నట్టు నమోదు కాకూడదు. అప్పుడు వ్యాధి పోయినట్టు. అప్పుడే షాపు సంగతి పరిశీలిస్తారు. మధ్యలో ఒక్క బిళ్ళ కొన్నా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఈలోగా ఇబ్బంది లేకుండా ఇంటికే మందులు తెచ్చిచ్చే యాప్ ఒకటి ఇచ్చారు. నాన్న అందులో మా చిరునామా కొట్టగానే, "మీ వీధిలో వ్యాధి ఉన్నందున మీ వీధికి మందులు పంపబడవు" అని వచ్చింది.

వీధి పట్టుదలగా రోజులు లెక్కపెట్టింది. తలనొప్పి వచ్చినవాళ్లు తువ్వాలు బిగించుకున్నారు. తుమ్మినవాళ్లు క్షమాపణ చెప్పుకున్నారు. టైలర్ అత్తయ్య పంటినొప్పితో బుగ్గ బూరెలా ఉబ్బినా, "నాదేముంది, షాపు తెరిస్తే చాలు," అంది.

పదహారో రోజున నాన్న అడిగారు. "అమ్మా, నీ బిళ్ళలున్నాయా? లేకపోతే చెప్పు, పక్క ఊరెళ్లి తెస్తాను. లెక్క పోతే పోనీ."

నానమ్మ మంచం పక్కనున్న రేకు డబ్బా తీసి గలగలా ఊపింది. "బోలెడున్నాయి. వాడు ముందే ఎక్కువ కట్టిచ్చాడు. నువ్వెళ్లి కొన్నావంటే వీధివాళ్ల ముఖం ఎలా చూడమంటావు నన్ను?"

సీలు వేసిన షాపు ముందు రోజూ వచ్చి నిలబడే మందుల మావయ్య కూడా అక్కడి నుంచే అరిచి అడిగాడు. "పెద్దమ్మా! పొట్లాలు అయిపోయుండాలే?"

"నీ లెక్కలు నువ్వు చూసుకో, నా లెక్కలు నాకున్నాయి!" అని నానమ్మ కూడా అరిచింది. మళ్లీ డబ్బా ఊపింది.

ఇరవై ఏడో రోజు పొద్దున ఆమె కుడిచేతిలోంచి నీళ్ల గ్లాసు జారిపోయింది. మాట కూడా ముద్దగా వచ్చింది. పక్క ఊరి ఆసుపత్రికి తీసుకెళ్లారు. డబ్బా నేను తెరిచి చూశాను. అందులో తాతయ్య పాత చొక్కాల గుండీలు పదకొండు ఉన్నాయి.

ఆసుపత్రిలో నానమ్మకి ఎక్కించిన మందులన్నీ ఆసుపత్రి చిరునామా కిందే నమోదయ్యాయి కాబట్టి మా వీధి లెక్క చెడలేదు. ముప్పయ్యో రోజుకి మా వీధి వ్యాధి రహితమైంది. దేశంలో ఒక్క మందు కూడా వాడని మొదటి వీధి ఇదేనని పై అంతస్తువారు పొగిడారు. కింది అంతస్తువారు ఆ కాగితం చదివి, ఒక్క మందు కూడా వాడని వీధికి మందుల షాపు దేనికని శాశ్వతంగా రద్దు చేశారు. రెండు అంతస్తుల మధ్య ఇంత ఏకాభిప్రాయం ఇంతకు ముందెన్నడూ కుదరలేదట.

ప్రశంసాపత్రం అందినట్టు వీధిలో అందరికంటే పెద్దవారు సంతకం పెట్టాలని నిబంధన. గణకుడు గారే పత్రం పట్టుకుని ఆసుపత్రికి వచ్చారు. (ఈ పని పూర్తయితే ఆయన ఉద్యోగం పక్కా అవుతుంది.) పత్రం నానమ్మ మంచం మీద పెట్టి, పెన్ను మూత తీశారు.

"ఆవిడకి చదువు రాదు సార్. కుడిచెయ్యి కూడా లేవడం లేదు," అన్నారు నాన్న.

"పర్లేదండీ," అన్నారాయన ఎంతో మర్యాదగా, సంచీలోంచి సిరా పెట్టె తీస్తూ. "వేలిముద్రకి చెయ్యి లేవనక్కర్లేదు."